మెడపట్టీ లేని మంద

వేల్స్ కొండల మీద ఇప్పుడు కంచెలు లేవు. ప్రతి గొర్రె మెడకూ పట్టీ ఉంటుంది. హద్దు దాటితే కరెంటుతో చురుక్కుమనిపిస్తుంది. ఆ హద్దు ఎక్కడుందో పట్టీకి కొండను కౌలుకిచ్చిన కంపెనీ చెబుతుంది. ఈ ఉదయం అది చెట్ల పెంపకం కోసం, గొర్రెల కాపరి నెస్టా కౌలుకు తీసుకున్న కొండలో పైసగాన్ని మూసేసింది. ఆమె పుట్టకముందు నుంచీ మంద మేసిన సగం అది.

నెస్టా దొడ్లో కూర్చుని పట్టీలు కోస్తుంటే కంపెనీ మనిషి ఐవర్ వచ్చాడు.

"పట్టీలు తీస్తే కౌలు రద్దవుతుంది నెస్టా గారూ. అయినా మందకి హద్దెవరు చెబుతారు?"

"వాటి అమ్మలు. తల్లి మేసిన చోటే పిల్లా మేస్తుంది. పట్టీలు రాకముందు పక్క కొండకి ఒక్కటైనా పోయిందేమో కనుక్కో."

"కొత్త హద్దు వాటికి తెలీదుగా."

"నువ్వే చెప్పు. మన వెల్ష్ భాషలో చెప్పు, ఇంగ్లీషు రాదు వాటికి."

ఆఖరి పట్టీ అతని చేతిలో పెట్టి ఆమె గేటు తీసింది. ముసలి గొర్రె ముందు నడిచింది. మంద మూసేసిన సగానికే ఎక్కింది, వెనకే నెస్టా.