పిల్లనడిగే ఉత్తరం

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవయ్యో ఏట అక్షరాలు దిద్దాను. చెయ్యి ఇంకా ఆగి ఆగి నడుస్తుంది.

"ఈ ఉత్తరం చెల్లదు" అన్నాడు సెరఫెన్. ఎర్ర పట్టురుమాల్లో చుట్టి తెచ్చిన కాగితాన్ని బల్లమీద పడేశాడు.

అతని కూతురు రొజ్లీని తనకిమ్మని విల్నే అనే వడ్రంగి రాసిన ఉత్తరం అది. విల్నే మేనమామ దాన్ని తెచ్చి చుట్టాలందరి ముందూ చదివాడు. రెండు మేకలున్నాయనీ, ఇంటికి సగమే రేకులు వేశాననీ, పిల్లమీద ఎన్నడూ చెయ్యెత్తననీ ఉంది. అంతా మా హైతీవాళ్లం ఇంట్లో మాట్లాడుకునే క్రెయోల్‌లోనే. వింటూ రొజ్లీ కళ్లు తుడుచుకుంది.

"పిల్లనడిగే ఉత్తరం ఫ్రెంచిలో ఉండాలి. మేకల్ని అదిలించే మాటల్లో రాస్తారా ఎవరైనా?" అన్నాడు సెరఫెన్.

మేనమామ ముఖం మాడ్చుకుని లేచాడు. గడప దాటితే సంబంధం పోయినట్టే. రొజ్లీ తన తల్లి చెయ్యి పట్టుకుంది.

తల్లి ఇజ్మెన్ ఆయన్ని కూర్చోమని, మొగుడివైపు తిరిగింది. "నన్నడుగుతూ నువ్వు పంపింది ఫ్రెంచిదే కదయ్యా. అందులో ఏముందో ఇవాళ్టికీ నాకు తెలీదు. మా నాన్నకీ తెలీదు. చదువుతుంటే అందరం తలలూపామంతే."

సెరఫెన్ మీసం దువ్వాడు. రాసిపెట్టేవాడికి బలిసిన కోడినిచ్చి మూడు పేజీలు రాయించానన్నాడు. ఉత్తరమంటే ఏమిటో వింటే తెలుస్తుందన్నాడు.

ఇజ్మెన్ దాన్ని పెట్టె అడుగునుంచి తీసి ఒనొరా మాస్టారికిచ్చింది. అక్కడున్నవాళ్లలో ఫ్రెంచి వచ్చింది ఆయనొక్కడికే. మాస్టారు మొదటి పేజీ మనసులో చదువుకున్నాడు. రెండోది తిప్పాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. సెరఫెన్‌ని వరండాలోకి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు.

తిరిగొచ్చిన సెరఫెన్ ఎవరివైపూ చూడలేదు. బల్లమీది కాగితం తీసి, ముడతలు సాపుచేసి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇది చెల్లుతుంది. ఈస్టరు తర్వాతి శనివారం పెళ్లి."

రొజ్లీ ఆ ఉత్తరాన్ని మొదటినుంచీ తనే గట్టిగా చదివింది. మధ్యలో ఎవరినీ అర్థం అడగలేదు. సగం రేకుల దగ్గర అందరూ నవ్వారు. చెయ్యెత్తనన్న దగ్గర ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఇజ్మెన్ మాత్రం మాస్టారిని గుమ్మం దగ్గర పట్టుకుంది. తన ఉత్తరంలో ఏముందో చెప్పందే కదలనివ్వనంది.

మాస్టారు గొంతు తగ్గించినా పక్కనే ఉన్న నాకు వినబడింది. "సంతలో మీ కంచరగాడిదని చూశాను, పళ్లు గట్టిగా ఉన్నాయి, తన్నే అలవాటు లేకపోతే నాకిప్పించండి అని ఉందమ్మా."

— మదాం ఎర్మిత్ సెన్వాల్, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు హైతీలోని జాక్మెల్‌లో, చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.