మోహనంటే

“మోహన మళ్ళా వచ్చిందప్పా. పొద్దన్నించీ దాంతోనే సరిపోయింది. మెల్లగా నిమిరితే గానీ మాట వినదు.”

వంటింటి కిటికీలోంచి ఈ మాటలు చెవిన పడగానే లీలావతి చేతిలోని గరిటె ఆగిపోయింది. పెరట్లో గుర్రం కొట్టం దగ్గర నిలబడి, బ్యాండు మేళం మునిశేఖర్‌తో ఫోన్లో మాట్లాడుతున్నవాడు సాక్షాత్తూ ఆమె మొగుడు నాగరాజు.

మోహన! ఆ పేరు వినడం ఈ వారంలో ఇది మూడోసారి.

మూడేళ్ళ కిందట నాగరాజు ఆటో అమ్మేసి తెల్ల గుర్రాన్ని కొన్నాడు. తిరుపతి చుట్టుపక్కల ఏ పెళ్ళి ఊరేగింపైనా పెళ్ళికొడుకు ఎక్కేది దాన్నే. ముహూర్తాలు గట్టిగా ఉన్న నెలల్లో గుర్రాన్ని వ్యాన్లో ఎక్కించుకుని నగరి దాకా పోతాడు. పోతే రెండు రోజులు రాడు. గుర్రానికి విశ్రాంతి కావాలంటాడు. ఇన్నాళ్ళూ లీలావతి నమ్మింది కూడా.

నిమిరితే గానీ మాట వినదట! పదకొండేళ్ళ కాపురంలో తన తల ఒక్కసారి నిమిరిన పాపాన పోయాడా? ఎలా ఉంటుందో ఆ మోహన? సన్నగా ఉంటుందా? తనకన్నా చిన్నదా? పోయిన నెల నగరి నుంచి తెచ్చిన ఆకుపచ్చ చీర రంగు కూడా ఆ మహాతల్లే ఎంచి ఉంటుంది. లీలావతి ఆ చీరను తీసుకెళ్ళి పెట్టె అడుగున కుక్కింది. తిరిగొచ్చి రసంలో రెండోసారి ఉప్పు వేసింది.

మధ్యాహ్నం నాగరాజు ఆ రసాన్ని కిక్కురుమనకుండా తిన్నాడు. అది ఇంకా మండించింది. తప్పు చేసినవాడు కాకపోతే ఇంత ఉప్పు ఎవడు తింటాడు?

“ఎవురది?” అంది.

“ఎవురు?”

“మోహన.”

ముద్ద గొంతుకు అడ్డం పడింది. గ్లాసుడు నీళ్ళు తాగాడు. తర్వాత పెద్దగా నవ్వి, ఎంగిలి చెయ్యి కడుక్కుని, ఆమెను కొట్టంలోకి లాక్కుపోయాడు.

“ఈడ సూడు.”

గుర్రం వెనక కాలు గిట్టకు కాస్త పైన ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే గుంట పడింది.

“ఇదే మోహన. ఊరికే నిలబడితే కాల్లోకి నీరు దిగి వస్తాది. నడిపిస్తే పోతాది. కట్టేస్తే మళ్ళా వస్తాది.”

“వాపుకు ఆడదాని పేరేంది?”

“మా నాయన జట్కా తోలే కాలం నించీ ఉండాది ఈ పద్ధతి. గుర్రం ముందర ఆ మాట అనకూడదు. అన్నామంటే బెదిరిపోయి కాలు కింద పెట్టదు. అందుకని ఒక ఆడపేరు పెట్టి పిలుస్తాము.”

“మోహనే ఎందుకు?”

“ఏదో, నోటికొచ్చింది పెట్టినాను. గుర్రం మీద ఒట్టు, మోహనంటే ఇదే!”

ఒట్టుతో సరిపెట్టుకునే మనిషి కాదు లీలావతి. గుర్రాన్ని నడిపించమంది. నాగరాజు వీధి చివరిదాకా నాలుగుసార్లు తిప్పుకొచ్చాడు. ఆమె వంగి కాలు తడిమి చూసింది. వాపు సగం తగ్గింది. ఆమె కోపం అంతకన్నా ఎక్కువే తగ్గింది.

సాయంత్రం ఆకుపచ్చ చీర బయటికొచ్చింది. మొగుడికి ఇష్టమని సంగటి చేసి, పుల్లగూర మెత్తగా మెదిపి ఎనిపింది. గుర్రం కాలివాపును చూసి కుళ్ళుకున్న ఆడది ఈ జిల్లాలో తనొక్కతే అయి ఉంటుందని తలచుకుని తలచుకుని నవ్వుకుంది.

రెండు రోజులకు పాకాల నుంచి అత్త వరలక్ష్మమ్మ వచ్చింది. నాగరాజు ఆ పొద్దున్నే గుర్రంతో నగరి బయల్దేరిపోయాడు. అత్తాకోడళ్ళు పెరట్లో కూర్చుని, గుర్రం కోసం తెచ్చిన ఉలవల్లో రాళ్ళు ఏరుతున్నారు. లీలావతికి నోరు ఆగలేదు.

“అత్తా, గుర్రం కాలివాపుకు ఆడపేరు పెడతారంట గదా, నిజమేనా?”

వరలక్ష్మమ్మ ముఖం వికసించింది. “వాడు సెప్పేసినాడా ఆ ముచ్చట? నిజమే. మీ మామ గుర్రానికి నెలకోసారి వచ్చేది. ఆ పేరు పెట్టి పిలుస్తా, కాలు నిమరతా కూసునేవాడు.”

“మరి మామ ఏం పేరు పెట్టినాడు?”

ముసలావిడ సిగ్గుతో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏమీ తెలీనట్టు అడగతావేందే! ఆ వాపుకు మన ఇంటి మగోళ్ళు, తాము తాళి కట్టినదాని పేరు తప్ప ఇంకో పేరు పెట్టరు గదా!”