పిట్ట ముట్టని ముద్ద

“తొక్కమ్మా. నేను చెప్పేదాంక వదలకు,” అన్నాడు మెకానిక్ మెహమూద్ కారు కింది నుంచి.

గుర్వమ్మ బ్రేకు మీద బలంగా కాలు మోపింది. చక్రం పక్కనున్న సన్న గొట్టంలోంచి నూనె నురగలు కక్కుతూ సీసాలో పడింది.

“ఇగ వదులు. మళ్ళ తొక్కు. నూనెల ఒక్క గాలిబుడగ ఉన్నా బ్రేకు పట్టదు.”

చోటే మియా సీసా పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. పన్నెండేళ్ళుగా ఆ కిరాయి కారు నడుపుతున్నాడు. దాని బ్రేకు మీద ఆడమనిషి కాలు పడటం ఇదే మొదలు. ఆమె చీలమండల చుట్టూ చర్మం తెల్లగా కనిపిస్తోంది. నిన్నటిదాకా కడియాలుండిన జాగా అది. ఆ వెండి కడియాలు అమ్మిన పైసలే, ఏదో పాడుబడ్డ కారులోంచి తీసిన నూనె బ్రేకులై ఇవాళ ఈ కారుకెక్కాయి.

మెహమూద్ బయటికొచ్చి పాత బ్రేకుల ఇనుప కమ్మీలను మూలకు విసిరాడు. “గిన్నేండ్లు నువ్వు బ్రేకు తొక్కలే చాచా, దువా చేసినవ్. నీ కారు ఆగితే ఊరవతల కుక్కలు మొరుగుతుండె.”

“కుక్కలకన్న తెలుస్తుండె, నేనొచ్చిన్నని.”

గుర్వమ్మ నవ్వలేదు. “ఇప్పుడు చప్పుడు రాదా తమ్మీ?”

“రాదమ్మా.”

“దిగుట్ల ఆపినా?”

“దిగుట్ల ఆపినా రాదు. మెత్తగ ఆగుతది.”

“పిట్ట బెదరొద్దు,” అని ఆమె కాలు తీసింది.

నల్లగొండ దాటి దేవరకొండ తొవ్వలో పోతే బోడగుట్ట దిగుడు వస్తుంది. ఎనిమిది నెలల కింద అక్కడే మిలిటరీ కాల్పుల్లో ఆమె భర్త భీమయ్య పోయాడన్నారు. దళంలో తిరిగిన మనిషి. చచ్చినవాళ్ళ శవాలను మిలిటరీ అక్కడే తగలబెట్టింది. పోలీసు పటేలు ఒక గొంగడి మాత్రం ఆమె ఊరు కట్టంగూర్‌కు తెచ్చాడు. ఆ రోజు చోటే మియా ఆమె వాకిట్లోనే ఉన్నాడు.

“గిది నీ పెనిమిటిదేనా?” అని అడిగాడు పటేలు.

ఆమె మడత కూడా విప్పలేదు. “ఆయనదే,” అని అక్కడికక్కడే గాజులు పగలగొట్టుకుంది.

మూడోనాడు పిట్టకు పెడితే ఒక్క కాకీ ముట్టలేదు. పొద్దుగూకేదాకా చూశారు. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు ఊరివాళ్ళు. పడ్డ జాగాలో పెడితే ముడుతుందన్నారు. ఆమె రెండుసార్లు నడిచిపోయింది. గుట్ట మీది మిలిటరీ క్యాంపువాళ్ళు రెండుసార్లూ తిప్పి పంపారు.

తొవ్వన పోయే కార్లనైతే వాళ్ళు పట్టించుకోరు. కానీ ఆ దిగుట్లో ఈ కారు ఆగేది కాదు. బ్రేకు పట్టేసరికి కింద వాగు వచ్చేది. దాని కీచు శబ్దం క్యాంపు దాకా వినపడేది.

“ఆత్మకూర్ల మా అక్క దగ్గరికి పోతున్న కాకా. మళ్ళ గీ తొవ్వన రాను. పోతపోత ఒక్క ముద్ద పెట్టి పోవాలె,” అని ఆమె అడిగితే చోటే మియా కాదనలేకపోయాడు. పోలీసు యాక్షన్ నాడు అతన్నీ, అతని భార్య లాడ్లీ బేగంనూ ఆమె నాలుగు రోజులు వడ్లగుమ్మి వెనక దాచింది. గొడ్డళ్ళతో వచ్చినవాళ్ళకు “మా ఇంట్ల ఎవ్వరు లేరు” అని చెప్పింది. ఆమె గొంతు ఇసుమంత కూడా వణకలేదు.

కారు బయలుదేరింది. గుర్వమ్మ వెనక కూర్చుని, ఒళ్ళో సత్తుగిన్నెను రెండు చేతులా పట్టుకుంది. జొన్నన్నం, పచ్చిపులుసు. పులుసు తొణికినప్పుడల్లా కొంగుతో అంచు తుడుస్తోంది.

“కాకా, లాడ్లీ చిన్నమ్మ కోసం కట్టిన తెరలు దించుకోనా? ఎండ కొడుతాంది.”

“దించుకో బిడ్డా.”

కొంతసేపటికి మళ్ళీ అడిగింది. “ఆయన ఎప్పుడన్న నీ కారెక్కిండా?”

“ఎక్కలే. ఎన్నోసార్లు పిలిచిన. దొరలెక్కే కార్ల నాకేం పని అనేటోడు.”

“నీతోని గట్ల అన్నడా. నాతోని అయితే, ఒక్కనాడు నిన్ను పక్కన కూసోబెట్టుకొని కృష్ణ ఒడ్డు దాంక కార్ల పోదాం గుర్వీ అనేటోడు.”

పగిలిన అద్దంలో చోటే మియా ఆమె ముఖం చూశాడు. ఆమె ముందున్న తొవ్వను చూస్తోంది. ఏడవడం లేదు. ఎదురు చూసీ చూసీ అలవాటైపోయిన కళ్ళు అవి.

దిగుడు మొదలైంది. ఎడమ పక్క గుట్ట మీద తెల్లని డేరాలు కనిపించాయి. కుడి పక్కంతా తంగేడు పొదలు. చోటే మియా గుండె చిక్కబట్టుకుని బ్రేకు తొక్కాడు. కారు దిగుడు నడుమ, పిల్లి అడుగేసినట్టు ఆగింది. గుట్ట మీద ఎవరూ కదలలేదు.

గుర్వమ్మ దిగి గిన్నెను పొదల మొదట్లో పెట్టింది. వట్టి చేతులతో తిరిగొచ్చి కూర్చుంది.

“తలుపేసుకో బిడ్డా.”

“జర ఆగు కాకా.”

ఒక కాకి రాతి మీద వాలింది. అటూ ఇటూ చూసింది. ఎగిరిపోయింది.

“ఇయ్యాల గూడ ముట్టదేమో బిడ్డా. పోదామా?”

“ముడుతది.”

అంతలో కారు వెనక భాగం కుంగింది. బ్రేకు జారిందనుకుని చోటే మియా ఇంకా గట్టిగా తొక్కాడు. కారు అంగుళం కదల్లేదు. తలుపు మెల్లగా మూసుకుంది. పచ్చిపులుసు వాసన కారంతా నిండింది. అతను తలెత్తాడు.

అద్దంలో, జుట్టునిండా తంగేడు ఆకులతో భీమయ్య ముద్ద కలుపుతున్నాడు.