లఫాయెలే కుడిచెయ్యి

"కాస్త కూర్చోవయ్యా బాబూ! కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు?" కసిరింది నర్సు లూపే.

"నిలబడితేనే బాగుందక్కా," అన్నాడు ఫిలిపో, మోచేత్తో చెమట తుడుచుకుంటూ.

లోపల ఆపరేషన్ బల్ల మీద ఉన్నది లఫాయెలే. సమోవా రాజధాని ఆపియా చుట్టుపక్కల నడుం నుంచి మోకాళ్ల దాకా పచ్చబొట్టు ఉన్న మగాళ్లలో చాలామంది పచ్చబొట్టు పొడిచే సూదుల దువ్వెన మీద ఆయన వేసే సుత్తి దెబ్బలకు ఏడ్చినవాళ్లే. ఆ సుత్తి మొన్న చేతిలోంచి జారిపడింది. వేళ్లు ముడుచుకోవు, రాత్రంతా ఒకటే పోటు.

"ఇంతకీ ఏం చేస్తారు?" మళ్లీ అడిగాడు.

"మణికట్టులో లిగమెంటు బిగిసి నరాన్ని నొక్కేస్తోంది. దాన్ని కోసి వదులు చేస్తారు. అంతే."

"కత్తి జారి నరం తెగితే?"

"నీ నోట మంచి మాటే రాదా?"

"వేళ్లు మునుపటిలా ఆడతాయా?"

"నొప్పి త్వరగానే తగ్గుతుంది. పట్టు రావడానికి నెలలు పట్టొచ్చు. అసలు రాకపోనూ వచ్చు."

ఫిలిపో తలుపు దాకా వెళ్లి వచ్చాడు. ఆ చెయ్యి మళ్లీ లేవకపోతే ఎలా?

బెంచీ మీద లఫాయెలే భార్య మసెలీనా విసనకర్ర ఆపింది. "మా కొడుకులు చేమదుంప తోటలో పనుందని రానేలేదమ్మా. ఆయన ఆపరేషన్ వద్దని మొండికేస్తే, కాళ్లావేళ్లా పడి తీసుకొచ్చింది ఈ అబ్బాయే."

"చుట్టమా?"

"ఏమీ కాడు. నెల క్రితం మొహమైనా తెలీదు. దేవుడు పంపిన బిడ్డ!"

"పోనీలే పెద్దమ్మా, పట్టు రాకపోతే పెద్దాయన హాయిగా ఇంట్లో కూర్చుంటాడు."

"అలా అనకు!" ఫిలిపో అరిచినంత పని చేశాడు.

లూపే నవ్వేసింది. "ఆయన చేత పచ్చబొట్టు పొడిపించుకునే బాధ నీకేం తెలుసు? మా మేనమామ తట్టుకోలేక మధ్యలో పారిపోయాడు. లఫాయెలే మొదలెట్టిన పచ్చబొట్టు ఇంకొకరు ముట్టుకోరాయె. ముసలాడయ్యాక కూడా పదిమందిలో సముద్రస్నానానికి రాడు. సగంలో ఆగిన పచ్చబొట్టంటే మా ఇంటిల్లిపాదికీ తలవంపులే."

ఫిలిపో తలుపు వైపు తిరిగాడు.

తలుపు తెరుచుకుంది. "లిగమెంటు కోసేశాం. పట్టు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను," అన్నాడు డాక్టరు.

ఫిలిపో గోడకు ఆనుకున్నాడు. మసెలీనా అతని చెయ్యి పట్టి లాగింది. "ఇప్పటికైనా కూర్చో నాయనా."

బెంచీకి తగిలాడో లేదో, "అమ్మా!" అంటూ ఎగిరి లేచాడు. లుంగీ కాస్త పక్కకు జారింది.

నడుం మీద ఇంకా పుండు ఆరని పచ్చబొట్టు సగమే ఉంది.