గాలి వాలున

గాలి అటు వీస్తే ఆ తప్పు తనదెలా అవుతుంది, అనుకుంటూనే పారమ్మ తన చేని గట్టు మీద నిలబడిపోయింది. యూరియా గడ్డ కట్టకుండా పొయ్యి బూడిద కలిపి చల్లడం అత్తగారి నాటి అలవాటు. బూడిద తగిలితే సత్తువంతా ఆవిరై లేచిపోతుందని ఊళ్ళో చాటింపు వేశారు. ఆమె విన్నది కూడా. అయినా నిన్న చేతులు వాటంతట అవే బూడిద తట్టలోకి వెళ్ళాయి.

ఇప్పుడు ప్రతి చేలోనూ ఒక ముక్కు ఉంటుంది. మట్టి వదిలే ఆవిరిని పసిగట్టే కడ్డీ అది. ఎర్రబడితే సర్కారు పసుపు తాడు కట్టి, ఆ చేనును మూడేళ్ళు బీడు పెట్టేస్తుంది. పారమ్మ చేలోని ముక్కు పచ్చగానే ఉంది. ఆమె చేని ఆవిరి గాలికి కొట్టుకుపోయి, పక్కనున్న గవరయ్య చేలోని ముక్కును ఎర్రబరిచింది.

"పేడెరువు తప్ప నానేటీ సల్లనేదు బాబూ," అని గవరయ్య తనిఖీ అధికారిని బతిమాలుతున్నాడు.

"ఎక్కువేస్తే పేడైనా ఆవిరేనయ్యా," అంటూ అధికారి చేను చుట్టూ పసుపు తాడు కడుతున్నాడు.

గవరయ్య ఇటు తిరిగాడు. "సూసినావా వదినా, నా ముసిలావు పేడే నన్ను ముంచేసినాది!" నవ్వబోయి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

తను ఊరుకుంటే చాలు. ఊరుకోవడానికి చెయ్యీ కాలూ కదపనక్కర్లేదు. ఆ తేలికదనమే ఆమెను భయపెట్టింది.

పారమ్మ గట్టు దిగి వెళ్ళింది. అధికారి చేతిలోని తాడు కొసను లాక్కుని, తెచ్చి తన చేని మొదటి గుంజకు కట్టింది.