నొప్పి పట్టీ

ఏసోబుకు గొంతు క్యాన్సర్. మాత్ర దిగదు, సూది వేద్దామంటే నరం దొరకదు. మూలుగు మాత్రం ఆగదు. చివరికి నర్సు ఒక మందు పట్టీ ఇచ్చి, ఛాతీకి అంటించమంది.

"ఇంత లేదు, ఇదేం లాగుద్ది నొప్పిని?" అంటూనే అతని భార్య కొండమ్మ, మిరపకోతలో వేళ్లకు చుట్టుకునే ప్లాస్టరుతో దాన్ని గట్టిగా అతికించింది.

కాసేపటికి ఏసోబు మూలుగు ఆగింది. "చూశావా పిచ్చిదానా, తగ్గింది. ఇక పడుకో."

ఎన్నో రాత్రుల తర్వాత ఆమె ఒళ్లెరగకుండా నిద్రపోయింది. తెల్లారి కోతకూ వెళ్లింది.

మూడు రోజులకు పట్టీ మార్చడానికి వచ్చిన నర్సు ప్లాస్టరు ఊడదీసి ఆగిపోయింది. "వెనక ప్లాస్టిక్ పొర తియ్యలేదేంటమ్మా? మందు ఒంటికి అంటనే లేదు."

కొండమ్మ భర్త వైపు తిరిగింది. "తగ్గిందన్నావు గదయ్యా!"

"నువ్వు పడుకున్నావు గదే," అన్నాడు ఏసోబు.