రెండో తొట్టి

"మళ్ళీ పెరిగాయి!" అంది ఆమె, త్రాసు మీద ఎగిరిపడుతున్న చేపపిల్లను చూస్తూ. ఏడవడం ఒక్కటే తక్కువ.

ప్రయోగశాలలో మూడు తొట్లు. మొదటిదానిలో మంచినీళ్లు. రెండోదానిలో రోజూ కాస్త పురుగుల మందు. మూడోదానిలో అదే మందు, దానికి తోడు మేతలో తిప్పతీగ పసరు. మందు వల్ల గిడసబారే చేపల్ని పసరు నిలబెడుతుందని రుజువు చేయాలి. ఆమె డాక్టరేటు దాని మీదే ఉంది. మూడో తొట్టి చేపలు బుద్ధిగా పెరుగుతున్నాయి. గిడసబారాల్సిన రెండో తొట్టి చేపలు కూడా ఏడు వారాలుగా ఏపుగా పెరుగుతున్నాయి.

"నీ పసరు మహా గొప్పదమ్మాయ్! గాలిలో ఎగిరి పక్క తొట్టికి కూడా పనిచేస్తోంది," అన్నాడు గైడు, కళ్లజోడు మీదుగా చూస్తూ.

అనుమానం అటెండరు మీదికి పోయింది. "పాపం, వాటికి వైద్యం, వీటికి విషమూనా?" అని మొదటిరోజే ముఖం ముడుచుకుంది మరి ఆవిడ.

"పిన్నిగారూ, నిజం చెప్పండి. రెండో తొట్టిలో పసరు మేత వేస్తున్నారా?"

"జాలిపడ్డానే గానీ చెయ్యి పెట్టలేదు తల్లీ. కావాలంటే తాళాలు నీ దగ్గరే ఉంచుకో."

ఉంచుకుంది. మేత తనే వేసింది. మందు కూడా తనే, ముక్కు మూసుకుని, చుక్కలు లెక్కపెట్టి మరీ కలిపింది. ఎనిమిదో వారం తూచేసరికి మూడు తొట్లదీ ఒకే బరువు.

"మొదటికే మోసం వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టు," అన్నాడు గైడు. ఈసారి నవ్వలేదు.

సాయంత్రం నేరుగా నాన్న కొట్టుకు వెళ్లింది. ఆయనది పురుగుమందుల వ్యాపారం. ప్రయోగం మాట ఎత్తినప్పటి నుంచి తండ్రీకూతుళ్లకు రోజూ చతుర్లే.

"నా ఇంట్లో తిని నా కొట్టు మీదికే యుద్ధానికి వస్తావా?" అనేవాడు ఆయన.

"నీ మందు గొప్పో, నా పసరు గొప్పో తేలిపోతుంది, చూస్తూ ఉండు," అనేది ఆమె.

"సరే, శత్రువుకి ఆయుధం కూడా నేనే ఇస్తా," అని మందు సీసా చేతిలో పెట్టింది కూడా ఆయనే.

ఇప్పుడు కూతురి ముఖం చూడగానే లేచి వచ్చాడు. "ఏమైందమ్మా? పసరు ఓడిపోయిందా?"

"ఓడలేదు నాన్నా, గెలవనూ లేదు. పసరు వెయ్యని చేపలు కూడా అంతే పెరిగాయి. రెండు నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది."

ఆయన తెల్లబోయాడు. "పసరు వెయ్యకుండా ఒక తొట్టి పెట్టావా? ఎందుకూ?"

"పోల్చి చూడొద్దూ? లేకపోతే పసరు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?"

ఆయన బల్ల మీద లేని దుమ్మును చాలాసేపు తుడిచాడు. తలెత్తకుండానే గొణిగాడు.

"నువ్వు గెలవాలని ఖాళీ సీసాలో నీళ్లు నింపిచ్చానమ్మా."